ముసుగు చివర్లో వేయండి

అక్టోబరు రాగానే మిషిగన్, ఒహాయో, న్యూజెర్సీ వైపు ఇళ్ల ముందూ, అద్దె యార్డుల్లోనూ నిలిపిన క్యాంపర్ల, అంటే ట్రక్కుతో లాగే చక్రాల ఇళ్ల మీద ముసుగులు కనిపించడం మొదలవుతుంది. శీతాకాలం నుంచి బండిని కాపాడుకోవాలంటే చాలామందికి తట్టే మొదటి పని పైన ఏదో ఒకటి కప్పడం. కప్పడంలో తప్పేమీ లేదు. కాకపోతే వరసలో అది ఆఖరి పని. దాన్నే మొదటి పనిగా చేసి చేతులు దులుపుకున్నవాళ్లకే ఏప్రిల్‌లో మరమ్మతు బిల్లు పెద్దదిగా వస్తుంది. ఈ అధ్యాయంలో నా వాదన ఇది: చలికాలంలో క్యాంపర్‌ని పాడుచేసేది నీళ్లు, చలి ఆ నీళ్లకు తోడు మాత్రమే. గొట్టాల్లో మిగిలిపోయిన నీళ్లు, పైకప్పు బీటల్లోంచి దిగే నీళ్లు, లోపలి గాలిలో ఉండిపోయిన చెమ్మ, ఆఖరికి బ్యాటరీలో ఉండే నీళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. పొడిగా ఉన్న బండి గడ్డకట్టే చలిలో ఐదు నెలలు నిలబడినా దానికి పెద్దగా ఏమీ కాదు. తడి దాచుకున్న బండికి మాత్రం ఒక్క రాత్రి చాలు. అందుకని బండి చుట్టూ తిరిగి ఏం కప్పాలా అని చూసే ముందు, ఎక్కడెక్కడ నీళ్లున్నాయి, ఎటునుంచి రాగలవు అని వెతకాలి.

ఇక్కడ ఒక సందేహం సహజంగానే వస్తుంది. పక్కనే ఇల్లుంది, అందులోనూ గొట్టాలున్నాయి, కప్పు ఉంది, దానికి ఏటా ఇంత హడావిడి చేయడం లేదు కదా, బండికెందుకు? ఇంటికి చలికాలమంతా హీటింగ్ నడుస్తుంది. అంతకన్నా ముఖ్యమైన తేడా కట్టడంలో ఉంది. అమెరికాలో క్యాంపర్లు ఎక్కువగా తయారయ్యేది ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్ చుట్టుపక్కల. అక్కడి ఫ్యాక్టరీలు ముందుగా చూసేది బరువు, ఎందుకంటే దాన్ని పికప్ ట్రక్కు లాగాలి. అందుకే పల్చటి ప్లైవుడ్, ఫోమ్, దానిపైన ఫైబర్‌గ్లాస్ రేకు. ఇంటి కప్పులో పెంకులు ఒకదానిమీద ఒకటి ఎక్కి నీళ్లను జారవిడుస్తాయి. క్యాంపర్ కప్పు దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. దానిలో ఏసీకీ, గాలి కిటికీలకూ, యాంటెన్నాకూ, మురుగు ట్యాంకుల గాలి గొట్టాలకూ కోసిన కంతలన్నింటినీ నీటి నుంచి కాపాడేది వాటి చుట్టూ పూసిన సీలెంట్ గీత ఒక్కటే. పైగా ఇల్లు కదలదు. క్యాంపర్ హైవే మీద గంటకు 60 మైళ్ల వేగంతో వెళ్తూ ప్రతి గుంతకూ ఒళ్లు విరుచుకుంటుంది. వేసవంతా అలా కదిలిన అతుకులే చలికాలంలో పరీక్షకు నిలబడాలి.

ముందు గొట్టాల సంగతి. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయన్నది బళ్లో చదువుకున్నదే. గొట్టం పగలడం మాత్రం చాలామంది అనుకున్నట్టు జరగదు. మంచు ఏర్పడిన చోట గొట్టం చీలడం తక్కువ. మంచుగడ్డ బిరడాలా బిగుసుకుని, పెరుగుతూ, తనకూ మూసిన కుళాయికీ మధ్య చిక్కిన నీటిని నెడుతుంది. ఆ నీటికి వెళ్లే దారి లేక ఒత్తిడి పెరిగి, ఆ దారిలో అన్నింటికన్నా బలహీనమైన చోట పగులుతుంది. ఈ మధ్యకాలపు క్యాంపర్లలో వాడే పెక్స్ అనే ప్లాస్టిక్ గొట్టాలకు కొంత సాగే గుణం ఉంది కాబట్టి అవి చాలాసార్లు తట్టుకుంటాయి. పోయేవి వాటికి తగిలించిన ప్లాస్టిక్ ముక్కలు: మోచేతి అతుకులు, నీళ్ల పంపు తలకాయ, టాయిలెట్ వెనక ఉండే చిన్న వాల్వు, షవర్ కుళాయి లోపలి గుండు. ఆ వాల్వులో వచ్చే బీట వెంట్రుకంత ఉంటుంది. చలికాలమంతా దాని ఉనికే తెలియదు. వసంతంలో గొట్టం తగిలించి నీళ్లు వదిలాక, టాయిలెట్ వెనక గోడ మూలలోంచి సన్నటి చిమ్ము కొడుతుంది. అది చూసేసరికి కింద పరిచిన ప్లైవుడ్ తడిసి ఉబ్బుతూ ఉంటుంది.

కాబట్టి ఖాళీ చేయడమే మొదటి పని. మంచినీళ్ల ట్యాంకు, మురుగు ట్యాంకులు రెండూ ఖాళీ చేసి కడగాలి. వాటర్ హీటర్‌కు గ్యాసూ కరెంటూ రెండూ ఆపి, నీళ్లు పూర్తిగా చల్లారాక, పైన ఉన్న ప్రెషర్ వాల్వు ఎత్తి ఒత్తిడి వదిలి, ఆ తరవాతే కింద బిరడా విప్పాలి. వేడి మీద విప్పితే మరిగే నీళ్లు ముఖాన కొడతాయి. క్యాంపర్ హీటర్‌లో 6 గ్యాలన్లో 10 గ్యాలన్లో నీళ్లు పడతాయి. ఉక్కు ట్యాంకున్న హీటరైతే ఆ బిరడాకే ఒక లోహపు కడ్డీ ఉంటుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా తను కరిగిపోవడం దాని పని. అది సగానికి పైగా కరిగి కనిపిస్తే కొత్తది వేసుకునే అదను ఇదే. అటుపైన బండి అడుగున ఎర్రటి, నీలపు మూతలతో ఉండే రెండు పల్లపు గొట్టాలు తెరిచి, లోపలి కుళాయిలన్నీ తిప్పి వదిలేయాలి. చాలామంది మరిచేది బయట ఉండే షవర్‌ని. చిన్న తలుపు వెనక దాక్కున్నందుకు అది ఎవరి కంటా పడదు. అందులో అరగ్లాసు నీళ్లు మిగిలినా చాలు, ఆ కుళాయి వసంతానికి ఉండదు.

ఇంత చేశాక రెండు పద్ధతుల మధ్య ఎప్పటినుంచో ఒక వాదులాట ఉంది. కంప్రెసర్‌తో గాలి కొట్టి గొట్టాలు ఆరబెడితే చాలనేది ఒక వర్గం. గులాబీ రంగు యాంటీఫ్రీజ్ ఎక్కించాల్సిందేనని రెండో వర్గం. గాలి వర్గం చెప్పేదాంట్లో బలం ఉంది. రసాయనం అక్కర్లేదు, వసంతంలో కడిగే శ్రమ ఉండదు. 40 పీఎస్ఐ దాటకుండా, ఒక్కో కుళాయినే తెరుస్తూ ఓపిగ్గా కొడితే నీళ్లు చాలావరకూ పోతాయి. చిక్కంతా పోకుండా మిగిలిన కాసిని నీళ్లతోనే. పంపు లోపలా, గొట్టం కిందికి వంగిన చోటా కొన్ని నీళ్లు గాలి పైనుంచి జారిపోగా అలాగే ఉండిపోతాయి. సింకుల కింద యు ఆకారపు వంపుల్లో నీళ్లు ఉండేలా కావాలనే తయారుచేస్తారు, మురుగు వాసన పైకి రాకుండా. అక్కడ గాలి పనిచేయదు. రెండూ చేయాలని నేనంటాను. ముందు గాలి, తరవాత రెండు మూడు గ్యాలన్ల యాంటీఫ్రీజ్. ప్రతి కుళాయిలో, వేడి వైపూ చల్ల వైపూ, గులాబీ రంగు వచ్చేదాకా పంపు నడిపి, వంపుల్లో ఒక్కో కప్పు పోసి, టాయిలెట్‌లో కొంచెం నిలిపితే పని అయినట్టు. హీటర్‌కు బైపాస్ వాల్వు తిప్పడం మరిస్తే ఆ రెండు మూడు గ్యాలన్లూ ఖాళీ ట్యాంకులోకి పోతాయి, కుళాయిల దాకా ఏమీ రాదు. డబ్బాల దగ్గర కాస్త జాగ్రత్త. కారు రేడియేటర్‌లో పోసేది సాధారణంగా ఇథిలీన్ గ్లైకాల్, అది విషం. మంచినీళ్ల గొట్టాల్లో పోయదగ్గది ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసి, క్యాంపర్ల కోసమని డబ్బా మీద రాసిందే. ఆ డబ్బా మీద మైనస్ 50 అని ఉంటే, మైనస్ 50 ఫారెన్‌హీట్ దాకా అది ద్రవంగా ఉంటుందని అర్థం చేసుకోకండి. అంతకు చాలా ముందే అది ముద్దగా మారుతుంది, గొట్టం పగలగొట్టేంత గట్టిపడదు, అంతే. గొట్టంలో మిగిలిన నీళ్లతో కలిస్తే ఆ శక్తి తగ్గుతుంది. ఖాళీ చేయకుండా యాంటీఫ్రీజ్ ఒక్కటే పోసి ఊరుకోవడం ఎందుకు పనికిరాదో ఇక్కడే తెలుస్తుంది.

ఇదంతా ఎందుకు, బండిలో ఫర్నెస్ ఉంది కదా, సన్నగా వేసి ఉంచితే పోలా అనేవాళ్లున్నారు. ఒక్కసారి లెక్క వేద్దాం. ప్రొపేన్ గ్యాలన్‌కు సుమారు 91,500 బీటీయూల వేడినిస్తుంది. ట్రైలర్ ముందు ఉండే 20 పౌండ్ల సిలిండర్‌లో పట్టేది గ్యాలన్లలో 4.7 దాకా. గంటకు 30,000 బీటీయూలు తాగే ఫర్నెస్ ఆగకుండా నడిస్తే ఆ సిలిండర్ 14 గంటల్లో ఖాళీ. మూడోవంతు సమయమే నడుస్తుందనుకున్నా రెండు రోజులు రాదు. దాని ఫ్యాను బ్యాటరీని తాగడం వేరే. కరెంటు హీటర్ పెడదామంటే, మనిషి లేని బండిలో నెలల తరబడి హీటర్ వదిలేయడం అగ్నితో ఆట. మంచు తుఫానులో కరెంటు పోయిన రాత్రే చలి కూడా ఎక్కువగా ఉంటుందన్నది మరిచిపోకూడదు. వేడి మీద ఆధారపడిన రక్షణ అవసరమైన గంటలోనే చేతులెత్తేస్తుంది. నీళ్లు లేని గొట్టానికి కరెంటుతో పనిలేదు.

మేముండేది టెక్సస్‌లో, మాకీ గొడవ లేదనేవాళ్లకు 2021 ఫిబ్రవరిని గుర్తుచేయాలి. ఆ నెల 16న డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం దగ్గర ఉష్ణోగ్రత మైనస్ 2 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పడిపోయింది. 1949 తరవాత అక్కడ అంత చలి పడలేదు. లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ వైపు ఉండే తెలుగు కుటుంబాలకు ఆ వారం బాగా గుర్తుండే ఉంటుంది, ఇళ్లలో గొట్టాలు పగిలి కప్పుల్లోంచి నీళ్లు కారిన వారం అది. మిన్నెసోటాలో ఉండేవాడు అక్టోబరుకే భయపడి పని ముగిస్తాడు. డాలస్‌లో మొదటి గడ్డకట్టే రాత్రి సగటున నవంబరు చివర్లో వస్తుంది, అది కూడా తేలిగ్గా వచ్చి పోతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. నష్టం తీవ్రత చలికాలం పొడవు మీద కన్నా, గొట్టంలో నీళ్లున్న రోజున గడ్డకట్టే చలి వచ్చిందా లేదా అన్నదాని మీదే ఆధారపడుతుంది. దక్షిణాదిన ఉండేవాళ్లు యాంటీఫ్రీజ్ మానేసినా, కనీసం ఖాళీ చేసి గాలి కొట్టడం మానకూడదు.

ఇప్పుడు కప్పు. గొట్టాల నష్టం గట్టిగా తెలుస్తుంది, పగులుతుంది, కారుతుంది, మార్చేస్తాం. కప్పు నష్టం గుట్టుచప్పుడు కాకుండా సాగుతుంది, అందుకే అది ఎక్కువ ఖరీదు. నిచ్చెన ఎక్కి కప్పు మీది గాలి కిటికీ చుట్టూ ఉన్న సీలెంట్‌ని దగ్గర్నుంచి చూడండి. కొత్తలో అది తెల్లగా, మెత్తగా, అంచులు కప్పుకు అంటుకుని ఉంటుంది. రెండు మూడు ఎండాకాలాలు గడిచాక బూడిద రంగుకు తిరిగి, మడతలు పడి, ఎండిన చెరువు మన్నులా నెర్రెలిస్తుంది. కొన్ని చోట్ల గోరు పెడితే అంచు లేస్తుంది. ఆ నెర్రెలోకి నవంబరు వాన దిగుతుంది, రాత్రి గడ్డకట్టి నెర్రెను కాస్త వెడల్పు చేస్తుంది, పగలు కరిగి ఇంకాస్త లోపలికి పోతుంది. న్యూజెర్సీ, వర్జీనియా లాంటి చోట్ల పగలు 40 డిగ్రీలు, రాత్రి 25 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండే రోజులు చలికాలంలో ఎన్నో. నెలల తరబడి గడ్డకట్టే ఉండే ఉత్తరాది కన్నా, ఇలా కట్టి కరిగే చోట్లే కప్పుకు ముప్పు ఎక్కువని నా అభిప్రాయం. లోపలికి దిగిన నీరు నేరుగా కింద పడితే మేలే, కనీసం తెలుస్తుంది. అది ప్లైవుడ్ వెంట పాకి గోడలోకి దిగుతుంది. ఫైబర్‌గ్లాస్ రేకుకూ దాని వెనక పల్చటి ప్లైవుడ్‌కూ మధ్య జిగురు వదులవుతుంది, బయటి గోడ మీద అప్పడంలా బుడగ లేస్తుంది. ఆ బుడగను సరిచేయడానికి అయ్యే ఖర్చు కన్నా కొన్నిసార్లు బండి వెలే తక్కువ.

అందుకని సీలెంట్ పని సెప్టెంబరులోనే చేసుకోవాలి. ఇది వాయిదా వేయకూడని పని, ఎందుకంటే చలిలో సీలెంట్ పరుచుకోదు, సరిగా ఆరదు. 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పైన, రెండు రోజులు వాన లేనప్పుడు పూయాలి. బల్లపరుపు చోట దానంతట అదే పరుచుకునే రకం, నిలువు చోట జారని రకం అని రెండు విడివిడిగా అమ్ముతారు. మీ కప్పు ఈపీడీఎం రబ్బరా, టీపీఓనా, ఫైబర్‌గ్లాసా అన్నది బండి పుస్తకంలో చూసి దానికి సరిపడేదే కొనాలి. ఇంట్లో స్నానాలగదికి వాడే సిలికాన్ పట్టుకెళ్లి పూసేవాళ్లకు ఒక్క మాట: దాని మీద తరవాత ఇంకేదీ అంటుకోదు, గీకి తీయడానికి ఒక రోజంతా పడుతుంది. ఈపీడీఎం మీద పెట్రోలియంతో చేసిన పదార్థాలేవీ పడకూడదు, రబ్బరు ఉబ్బుతుంది. పని ముగిశాక ట్రైలర్‌ని ఒక వైపు కొద్దిగా వాల్చి నిలిపితే కప్పు మీద నీళ్లు మడుగు కట్టవు. ఖర్చు లేని రక్షణ ఇదే, అయినా ఎవరూ చేయరు.

మంచు బరువు గురించి భయపడేవాళ్లు ఉంటారు, కొంతవరకూ న్యాయమే. మంచు ఎత్తును బట్టి బరువు చెప్పలేం, అందులో ఎంత నీరుందో దాన్ని బట్టి చెప్పాలి. అంగుళం నీటికి సమానమైన మంచు చదరపు అడుగుకు 5.2 పౌండ్లు. ఎనిమిది అడుగుల వెడల్పు, ఇరవై అయిదు అడుగుల పొడవున్న కప్పు మీద అది వెయ్యి పౌండ్లు దాటుతుంది. దూదిలాంటి పొడి మంచైతే ఆ అంగుళం నీటికి అడుగు ఎత్తు పడాలి, తడి మంచైతే నాలుగైదు అంగుళాలే చాలు. కాబట్టి తడి మంచు పడ్డ మర్నాడు తీయించాలి, మెత్తటి అంచున్న పొడుగాటి చీపురుతో, కింద నిలబడి. ఇనుప పార పట్టుకుని కప్పెక్కితే మంచు కన్నా ఎక్కువ నష్టం మీరే చేస్తారు.

మూడో నీరు కంటికి కనిపించదు. వేసవి చివర్లో మూసిన బండిలోని గాలి, పరుపులు, కర్టెన్లు, సోఫా లోపలి ఫోమ్ అన్నీ చెమ్మ పట్టుకుని ఉంటాయి. బయట చలి పెరిగి గోడలు చల్లబడ్డాక, ఆ చెమ్మ కిటికీ అద్దాల మీదా, పరుపు అడుగునా చెమటలా పడుతుంది. ఎండొచ్చి బండి వేడెక్కితే మళ్లీ ఆవిరై, రాత్రి ఇంకోచోట చేరుతుంది. బూజుకు కావాల్సింది ఇదే. గుంటూరు యార్డులో తడి తగిలిన మిర్చి మీద బరకం కప్పి ఆరనివ్వకపోతే ఏమవుతుందో రైతును అడిగితే చెబుతాడు. మూసిన క్యాంపర్‌లోనూ జరిగేది అదే. పరుపుల్ని నిలబెట్టి, అల్మరాల తలుపులు తెరిచి, ఫ్రిజ్ కడిగి ఆరబెట్టి తలుపు సందుండేలా చిన్న గుడ్డ ఇరికించి, బయట నీడ కోసం విప్పే గుడ్డ పందిరిని పూర్తిగా ఆరాకే చుట్టాలి. పైన గాలి కిటికీలకు వాన దిగని మూతలు బిగించి, కిటికీ కాస్త తెరిచే ఉంచాలి. కాల్షియం క్లోరైడ్ గుళికల డబ్బాలు చెమ్మ పీల్చుకుంటాయి, నిజమే. కాకపోతే పీల్చుకున్న చెమ్మ ఉప్పునీరై డబ్బాలో నిలుస్తుంది, నెలకోసారి వెళ్లి పారబోయకపోతే పొంగి లోహాన్ని తినేస్తుంది. కంప్రెసర్‌తో నడిచే డీహ్యుమిడిఫయర్లు గడ్డకట్టే చలిలో సరిగా పనిచేయవు కాబట్టి వాటి మీద డబ్బు పెట్టకండి.

గాలికి దారి ఇస్తే ఎలుకలకూ ఇచ్చినట్టే కదా అంటారు. చిట్టెలుకకు పెన్సిల్ పట్టేంత కంత చాలు, గాలి కిటికీ తెరిచినా మూసినా దానికి తేడా లేదు. అది వచ్చేది అడుగు నుంచి: కరెంటు తీగ లోపలికి వెళ్లే చోటు, గ్యాసు గొట్టం చుట్టూ వదిలేసిన సందు, మురుగు గొట్టం పక్కన ఫ్యాక్టరీలో పెద్దగా కోసిన రంధ్రం. పగటి పూట బండి లోపల చీకటి చేసుకుని కూర్చుంటే ఆ కంతలు వెలుగు చుక్కల్లా కనిపిస్తాయి. వాటిలో స్టీల్ ఊలు కుక్కి పైన సీలెంట్ పూయాలి. బిస్కెట్ పొట్లం, ఉప్పు, సబ్బు కూడా వదలకుండా తీసేయాలి. ఎలుకల మందు పెడితే చచ్చిన ఎలుక గోడలో మిగులుతుంది, ఆ వాసనతో వేసవంతా కాపురం చేయాలి.

ఇంతదాకా వచ్చాక ముసుగు గురించి మాట్లాడుకోవచ్చు. నీలం బరకం కప్పి తాళ్లతో కట్టేయడం అన్నింటికన్నా చౌక, అన్నింటికన్నా హాని. అది ఆవిరిని బయటికి పోనివ్వదు. పైగా గాలికి టపటపా కొట్టుకుంటూ చలికాలమంతా బండి రంగును, కప్పు రబ్బరునూ గరుకు కాగితంలా రుద్దుతుంది. కొలతకు సరిపోయే, గాలాడే గుడ్డతో చేసిన ముసుగే కొనాలి. నీళ్ల కాలువ మొనలు, నిచ్చెన అంచులు లాంటి మొనదేలిన చోట్ల కింద పాత టెన్నిస్ బంతో ఫోమో పెట్టాలి. లేదంటే ఆ మొనలే ముసుగును చింపుతాయి, చిరిగిన చోటి నుంచి వాన లోపల చేరి ముసుగు తడి గుడ్డలా బండికి అంటుకుంటుంది. డబ్బు పెట్టగలిగితే ముసుగు కన్నా పైకప్పున్న షెడ్డు అద్దెకు తీసుకోవడమే నా దృష్టిలో మంచి ఖర్చు. చాలామంది మనవాళ్లు ఉండే కాలనీల్లో హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనల ప్రకారం ఇంటి ముందు క్యాంపర్ నిలపనివ్వరు కాబట్టి ఎలాగూ యార్డు అద్దె తప్పదు. ఆరుబయట జాగాకూ షెడ్డుకూ అద్దెలో తేడాను కొత్త కప్పు ఖరీదుతో పోల్చి చూసుకోండి.

యార్డు అంటే సాధారణంగా కరెంటు ఉండదు, అక్కడే బ్యాటరీ సమస్య వస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జి అయ్యేకొద్దీ లోపలి ద్రవంలో యాసిడ్ ఎక్కువగా, ఖాళీ అయ్యేకొద్దీ నీళ్లు ఎక్కువగా ఉంటాయి, ఎందుకంటే యాసిడ్ పలకల్లోకి వెళ్లిపోతుంది. అందుకే నిండుగా చార్జయిన బ్యాటరీ మైనస్ 70 ఫారెన్‌హీట్ చలికీ గడ్డకట్టదు. ఖాళీ అయినది 20 డిగ్రీల దగ్గరే గడ్డకట్టి డొక్క పగులుతుంది. బండి ఊరికే నిలిచినా గ్యాసు పసిగట్టే అలారం లాంటివి కరెంటు పీలుస్తూనే ఉంటాయి. బ్యాటరీ స్విచ్ ఆపడంతో సరిపెట్టకుండా, తీగలు ఊడదీసి ఇంటికి తెచ్చి నెలకోసారి చార్జి పెట్టడం మేలు. లిథియం బ్యాటరీకి సంగతి వేరు. దాన్ని 32 డిగ్రీల ఫారెన్‌హీట్ కింద చార్జి చేస్తే లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. అదీ ఇంట్లోకి రావాల్సిందే, సగం చార్జితో. టైర్లది నీళ్ల సమస్య కాదు, కాబట్టి క్లుప్తంగా: పక్కన రాసిన గరిష్ఠ ఒత్తిడి దాకా గాలి నింపి, ఎండ తగలకుండా కప్పి, మట్టి మీద కాకుండా చెక్కల మీద నిలపండి. ప్రతి పది డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లదనానికి ఒకటి రెండు పీఎస్ఐల చొప్పున ఒత్తిడి తగ్గుతుంది. ప్రొపేన్ సిలిండర్ల వాల్వులు కట్టేయాలి, గ్యారేజీలో మాత్రం పెట్టకూడదు.

ఇదంతా చేసే తీరిక లేక డీలర్‌కి అప్పగించేవాళ్లే ఎక్కువ. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కాకపోతే రసీదు మీద వింటరైజ్ (చలికాలానికి సిద్ధం) చేశామని రాస్తే మామూలుగా గొట్టాల పని వరకే అని అర్థం. కప్పు సీలెంట్, చెమ్మ, బ్యాటరీ అందులో ఉండవు. బండి తీసుకునేటప్పుడే ఒక కుళాయి తిప్పి గులాబీ రంగు వస్తుందో లేదో చూడండి, బయటి షవర్ కూడా. ఇన్సూరెన్స్ ఉంది కదా అనే ధీమా కూడా సరికాదు. పాలసీలు సాధారణంగా నెమ్మదిగా కారిన నీటి నష్టాన్ని, కుళ్లుని, బూజుని మరమ్మతు చేయించుకోని లోపంగానే చూస్తాయి. కప్పు సీలెంట్‌ని క్రమం తప్పకుండా చూసుకోలేదని తేలితే కంపెనీ వారంటీ కూడా వర్తించకపోవచ్చు. బండి పుస్తకంలో ఆ షరతు ఎక్కడుందో ఈ వారమే తీసి చదవండి, చలికాలమంతా కప్పు ఫొటోలు తేదీతో తీసి ఉంచండి.

మధ్యలో ఒకసారి, జనవరిలో మంచు కరిగే రోజు చూసుకుని బండి దగ్గరికి వెళ్లి రావాలి. మంచు ఉన్నంతసేపు కప్పు కారదు, కరిగేటప్పుడే కారుతుంది. లోపలి కప్పు మూలల్లో చేత్తో నొక్కి చూడండి, మెత్తగా లోపలికి పోతే నీళ్లు దిగినట్టే, వసంతం దాకా ఆగకుండా దాన్ని ఆరబెట్టే పని మొదలెట్టండి. ఏప్రిల్‌లో బండి విప్పేటప్పుడు యాంటీఫ్రీజ్ రంగు పూర్తిగా పోయేదాకా కుళాయిలన్నీ కడిగాక, బైపాస్ వాల్వు వెనక్కి తిప్పి, వేడినీళ్ల కుళాయిలో ధార గాలి లేకుండా పడేదాకా ఆగండి. హీటర్ ట్యాంకు నిండిందని అప్పుడే రుజువవుతుంది. అంతకుముందు కరెంటు స్విచ్ వేశారంటే, చలికాలం దాటి వచ్చిన హీటర్ కాయిల్ కొన్ని సెకన్లలో మాడిపోతుంది.